వనానికి వచ్చేముందు

అల్లుడా,

ఆదివారం నీ దోస్తులను తీసుకుని ఊరికి వస్తున్నావని, వాళ్లకు తాటికల్లు తాగించాలని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. చెరువు కింది కల్లు మండువలో నలభై ఏళ్లుగా కూర్చుంటున్నవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నా. వాళ్లకూ చదివి వినిపించు.

ముందు టైము సంగతి. పొద్దున ఏడింటికల్లా తాటివనంలో ఉండాలి. రాత్రంతా చెట్టుకు కట్టిన లొట్టిలో, అంటే కుండలో, కారిన కల్లు తెల్లారి దించినప్పుడు తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ పులుపూ పెరుగుతుంది, మత్తూ పెరుగుతుంది. పోయిన ఏడు హైదరాబాద్‌లో నన్ను బీరు అక్కడే కాచి పోసే చోటికి తీసుకెళ్లావు గుర్తుందా? గోధుమ బీరులో అరటిపండు వాసన వస్తే ఎసెన్స్ కలిపారనుకున్నా. కాదు, అది ఈస్ట్ పనే అని అక్కడి పిల్లగాడు చెప్పాడు. మన లొట్టిలోనూ జరిగేది అదే. బీరుకైతే బార్లీని మొలకెత్తించి, వేడినీళ్లలో నానబెట్టి తీపి రాబట్టాలి. తాటిచెట్టు ఆ తీపిని తయారుగా ఇస్తుంది, ఈస్ట్ దానంతటదే వచ్చి చేరుతుంది. ఈ ముక్క ముందే చెబితే నీ దోస్తులు నురగ చూసి మొహం తిప్పుకోరు. అందులో చీమలు, ఒకటో రెండో తేనెటీగలు తేలుతుంటాయి. కల్లు గీసే గౌడన్న వడగట్టే పోస్తాడు.

గ్లాసులు తేవద్దు. రేకలోనే తాగాలి. లేత తాటాకును దోనెలా మడిచి ఇస్తాడు. రెండు చేతులతో పట్టుకుని కింది పెదవికి ఆనిస్తే, ఆయన పైనుంచి సన్నటి ధారగా పోస్తాడు. తొందరపడి గుటకలు వేస్తే గడ్డం మీదుగా చొక్కాలోకి పోతుంది. ధార ఎంతో మింగుడు అంత ఉండాలి. పచ్చి ఆకు వాసన కల్లుతో కలిసి ముక్కుకు తగులుతుంది చూడు, ఆ రుచి గాజుగ్లాసులో రాదు. తాగేముందు రెండు చుక్కలు దేవతకు నేల మీద సాక పోయమను. మన పద్ధతి అది.

నంజుకోవడానికి గుడాలు, అంటే ఉడకబెట్టిన గింజలు, అత్తమ్మ చేసి పంపుతుంది. బిర్యానీ పార్సిళ్లు వద్దు.

ఇక అసలు మాట. దారిలో కల్లు దుకాణం బోర్డు కనపడగానే ఆగి తాగొద్దు. చాలా ఏళ్ల కింద పట్నంలో ఒక దుకాణంలో రెండు సీసాలు తాగి, మర్నాడు మధ్యాహ్నం దాకా లేవలేదు. మీ అత్తమ్మ ఏడ్చేసింది. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క చేతులు వణికి, నిద్రపట్టక, పిచ్చిగా మాట్లాడినవాళ్లను కళ్లారా చూశాను. అది కల్లు చేసిన పని కాదు, అందులో కలిపిన ఆల్ప్రాజోలం లాంటి మత్తుమందులకు ఒళ్లు అలవాటుపడి, అవి అందక అయిన పని. ఆ మందును నాలుకతో పట్టలేం. చెట్టెక్కిన మనిషి తెలిసుండాలి, దించిన లొట్టి కళ్ల ముందుండాలి. నాకు తెలిసిన జాగ్రత్త ఇదొక్కటే.

గౌడన్న దగ్గర బేరం ఆడొద్దు. రోజుకు రెండు మూడుసార్లు నడుముకు మోకు వేసుకుని ఎక్కి, గెల కోస మళ్లీ మళ్లీ చెక్కితేనే కల్లు కారుతుంది. 2024 నుంచి సర్కారు చెట్టు మీంచి పడకుండా కాపాడే కాటమయ్య రక్షణ కవచాలు ఇస్తోంది, మంచిదే. కానీ ఆయన దిగి నేల మీద కాలు పెట్టేదాకా నాకిప్పటికీ టెన్షన్‌గానే ఉంటుంది. అడిగినదానికన్నా ఓ యాభై ఎక్కువే ఇవ్వండి.

ఒక్కొక్కరికి రెండు మూడు రేకలు చాలు. తియ్యగా ఉందని తాగుతూనే ఉంటారు, లేచి నిలబడ్డాక తెలుస్తుంది. కారు నడిపేవాడు మాత్రం ముట్టొద్దు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే, కల్లే కదా అంటే పోలీసులు వినరు. వాడికి ముంజలు కొట్టిస్తా, కాయ దిగితే.

ఇంటికి పట్టుకుపోతామంటే మూత బిగించిన ప్లాస్టిక్ సీసా వద్దు. నేను ఒకసారి నల్లగొండ బస్సులో అట్లాగే తెస్తుంటే, గ్యాస్ పట్టి సీసా పేలింది. పక్కన కూర్చున్న పెద్దమ్మ చీరంతా తడిసింది, దిగేదాకా ఆమె మొహం చూడలేకపోయా. స్టీలు క్యాన్ తెచ్చుకోండి, మూత వదులుగా పెట్టండి, ఇల్లు చేరగానే తాగేయండి.

ఎంతమంది వస్తున్నారో శనివారం పొద్దుగూకేలోపు ఫోన్ చేసి చెప్పు. గౌడన్న సాయంత్రం చెట్టెక్కేముందే చెప్పాలి, లేకపోతే పొద్దున లొట్లు వేరేవాళ్లకు ఇచ్చేస్తాడు.

మీ మామ