‘మా ఇంటికి నేనే కొడుకుని’ అన్న అక్కకు

ప్రశ్న: నా వయసు 30. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమ్మానాన్నలు విజయనగరంలో ఉంటారు. నాన్నగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్, రెండేళ్లలో రిటైరవుతారు. మా ఇంటికి నేనే కొడుకుని. తమ్ముడికి 26. మూడేళ్లుగా ఢిల్లీ దగ్గర ప్రొఫెషనల్ రెజ్లింగ్ నేర్చుకుంటున్నాడు. ఇంట్లో మాత్రం వ్యాయామ విద్య కోర్సు చదువుతున్నాడని చెప్పాం. ఫీజు, గది అద్దె, తిండి అన్నిటికీ నెలకు 22 వేలు నేనే పంపుతాను. మా తాతగారు కోడి రామ్మూర్తి గారి కథలు చెప్పేవారు. చిన్నప్పుడు నాన్నే తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని టీవీలో గ్రేట్ ఖలీ కుస్తీలు చూపించేవారు. అయినా ఇప్పుడు తెలిస్తే పరువు పోయిందని తట్టుకోలేరు. నాకు మంచి సంబంధం వచ్చింది. తమ్ముడు ఏం చేస్తాడని పెళ్లివారు అడుగుతున్నారు. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం రాబోతోందని చెప్పమంటోంది మా పిన్ని. ఏం చెప్పాలి? అసలు ఇది ఒక వృత్తేనా, లేక అంతా నాటకమా? మొన్న సాధనలో పడి తలకు తగిలిందట. రెండు రోజులు కళ్లు తిరిగాయట. ఇప్పుడు బాగానే ఉన్నాడు. అమ్మకు చెప్పొద్దన్నాడు.

జవాబు: పెళ్లివారికి చెప్పాల్సింది ఒక్క మాట. ‘మా తమ్ముడు రెజ్లింగ్ నేర్చుకుంటున్నాడు, ఇంకా సంపాదన లేదు.’ అంతే. ఆ మాటకే లేచి వెళ్లిపోతే కాఫీ టిఫిన్ల ఖర్చుతో బయటపడ్డామనుకోండి. స్పోర్ట్స్ కోటా అన్నారంటే ఏ శాఖ, ఏ ఊరు, జీతమెంత అని పెళ్లికొడుకు మేనమామ తప్పకుండా అడుగుతాడు. అందుకు ఇంకో మూడు అబద్ధాలు సిద్ధం చేసుకోవాలి. పిన్నిగారి సలహాను పిన్నిగారి దగ్గరే ఉంచమనండి.

ఇక ఉత్తరం సంగతి. నాలుగు పేజీలు రాశారు (ఇక్కడ కుదించి వేశాం). సంబంధం గురించి రెండు పేజీలు, డబ్బు గురించి ఒకటిన్నర. తమ్ముడి తలకు దెబ్బ తగిలిన విషయం మాత్రం ఆఖరున, సంతకానికి పైన మిగిలిన కాస్త చోటులో ఇరికించారు. నాకు కోపం వచ్చింది అక్కడే.

తలకు తగిలాక రెండు రోజులు కళ్లు తిరిగాయంటే మెదడు అదిరిందన్న మాట. బాగున్నాడో లేదో ఫోనులో గొంతు విని తేల్చే విషయం కాదది. ఆ అదురు పూర్తిగా తగ్గకముందే మరో దెబ్బ పడితే, అది చిన్నదైనా సరే, ప్రాణం మీదకు రావచ్చు. 2001లో కాలిఫోర్నియాలోని ఒక రెజ్లింగ్ శిక్షణ కేంద్రంలో ఒక యువకుడు ఇలాగే సాధన చేస్తూ చనిపోయాడు. అంతకుముందే ఒకసారి అతని తలకు దెబ్బ తగిలి ఉంది. అయినా రింగ్‌లోకి దింపారు. తరువాత జ్యూరీ ఆ కేంద్రాన్నే బాధ్యురాలిగా తేల్చింది. మీ తమ్ముడికి ఏదో అవుతుందని శపించడం లేదు. ‘అమ్మకు చెప్పొద్దు’ అనగానే సరేనన్న మీరు, ‘డాక్టరు ఏమన్నాడు?’ అని ఎందుకు అడగలేదు? అడిగి ఉంటే ఉత్తరంలో రాసేవారు.

నాటకమా అన్నారు. ఎవరు గెలవాలో ముందే నిర్ణయిస్తారు, నిజమే. మంచివాడు ఎవరు, దుర్మార్గుడు ఎవరు, ఏ పట్టు తరువాత ఏ పట్టు, అన్నీ మాట్లాడుకునే గోదాలోకి దిగుతారు. పడటం మాత్రం నిజంగానే పడాలి. ఆ రింగ్ కింద ఉండేది దూది పరుపు కాదు. ఇనుప చట్రం, దాని మీద చెక్క పలకలు, వాటి మీద పలుచటి ఫోము, పైన కాన్వాసు గుడ్డ. గడ్డం గుండెకు ఆనించి, వీపంతా ఒక్కసారే నేలకు తగిలేలా, చేతులతో నేలను చరుస్తూ పడటం నేర్చుకోవడానికే నెలలు పడుతుంది. గడ్డం లేచిందా, తల వెనుక భాగం నేలకు కొట్టుకుంటుంది. మీ తమ్ముడికి జరిగింది బహుశా అదే.

1997 ఆగస్టులో అమెరికా రెజ్లర్ స్టోన్ కోల్డ్ స్టీవ్ ఆస్టిన్ ఒక పోటీలో తలకిందులుగా పడి మెడకు దెబ్బ తగిలించుకున్నాడు. కాసేపు ఒళ్లంతా చచ్చుబడిపోయింది. ఆ రోజు గెలవాల్సింది ఆయనే అని ముందే రాసి పెట్టుకున్నారు, అలాగే పాక్కుంటూ వచ్చి గెలిచాడు కూడా. ఆ మెడే చివరికి 2003లో ఆయన్ని రింగ్‌కు దూరం చేసింది. మిక్ ఫోలీ అనే ఇంకో రెజ్లర్ సంగతి ఇంకా ఘోరం. 1998 జూన్‌లో పిట్స్‌బర్గ్‌లో పదహారు అడుగుల ఎత్తున్న పంజరం మీద నుంచి కింద పడ్డాడు. మరుసటి జనవరిలో, చేతులు వెనక్కి కట్టేసి ఉండగా, కుర్చీతో తల మీద దెబ్బ మీద దెబ్బ తిన్నాడు. అదంతా ముందే అనుకున్నదేనని ఆయన పిల్లలకు చెప్పే తీసుకెళ్లారు. ముందు వరుసలో కూర్చున్న ఆ పసివాళ్లు మాత్రం గుక్కపట్టి ఏడ్చారు. వాళ్లకు కనిపించింది నాన్న తల. కుర్చీతో తల మీద కొట్టడాన్ని 2010లో ఈ పోటీలు నడిపే అమెరికా సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈ నిషేధించింది. అంత పెద్ద సంస్థే తల విషయంలో జాగ్రత్త పడితే, మీరు ‘కళ్లు తిరిగాయట’ అని రాసి సంతకం పెట్టారు.

వృత్తేనా అన్నదానికి జవాబు: వృత్తే, కాకపోతే చెడ్డ యజమాని కింద చేసే వృత్తి. అమెరికాలో పెద్ద సంస్థలు కూడా వీళ్లను ఉద్యోగులుగా లెక్కపెట్టవు, కాంట్రాక్టు మీదే పెట్టుకుంటాయి. కెనడాలో పుట్టిన పంజాబీ జిందర్ మహల్‌ను చూడండి. 2014లో తీసేశారు. 2016లో మళ్లీ పిలిచారు. 2017 మే నెలలో ఏకంగా డబ్ల్యూడబ్ల్యూఈ ఛాంపియన్‌ను చేశారు, నవంబరులో బెల్టు పోయింది. 2024 ఏప్రిల్‌లో ఇంకో ఇద్దరు భారతీయులతో పాటు మళ్లీ పంపేశారు. అంత ఎత్తుకు వెళ్లినవాడి బతుకే అలా ఉంది. మరోవైపు హరియాణా నుంచి వచ్చిన కవితా దేవి ఉంది. 2016 దక్షిణాసియా క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్‌లో స్వర్ణం గెలిచింది, పెళ్లయి బిడ్డ పుట్టాక ఖలీ దగ్గర శిక్షణ తీసుకుంది, 2017లో సల్వార్ కమీజ్‌తోనే అమెరికా రింగ్‌లోకి దిగింది. పొట్టి బట్టలు వేసుకోవాలేమోనని భయపడే తల్లులు ఆ పోటీ చూస్తే మంచిది. ఇది పక్క సంగతి, వదిలేయండి.

నిలబడినవాళ్లకు రెండో కాలు ఎక్కడో ఒకచోట ఉంది. ఖలీకి పంజాబ్ పోలీసు ఉద్యోగం ఉండేది. దారా సింగ్ కుస్తీలు చేస్తూనే సినిమాల్లోకి వెళ్లారు. 1968లో అమెరికా మల్లుడు లూ థెజ్‌ను ఓడించిన వీరుడిగా కంటే, 1987 టీవీ రామాయణంలో హనుమంతుడిగానే మన ఇళ్లలో ఆయన ఎక్కువ తెలుసు. తరువాత రాజ్యసభకూ వెళ్లారు. మీ తమ్ముడికి రెండో కాలు ఏది? నాకు కనబడుతున్నది మీ జీతం ఒక్కటే.

పరువు సంగతి ఎత్తారు. మీది విజయనగరం. కోడి రామ్మూర్తి నాయుడు గారు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఊరు. ఆయన సర్కస్ నడిపారు. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసులు ఊపిరి బిగించి తెంపారు, రొమ్ము మీద ఏనుగును ఎక్కించుకున్నారు. అవన్నీ టికెట్టు పెట్టి జనానికి చూపించిన ప్రదర్శనలే. అందుకు మన పెద్దలు ఆయన్ని కలియుగ భీముడన్నారు. ప్రదర్శన ఇచ్చి బతకడం చిన్నతనమని మీ తాతగారు ఎప్పుడూ అని ఉండరు. ఆ చిన్నతనం మీరు తెచ్చిపెట్టుకున్నది.

ఇప్పుడు అసలు విషయం. మీ సమస్య మీ నాన్నగారు కాదు, పెళ్లివారు కాదు, రెజ్లింగ్ అంతకంటే కాదు. మీకూ మీ తమ్ముడికీ మధ్య నడుస్తున్న ఒప్పందం. మీరు డబ్బు ఇస్తారు, వాడు మీకు రహస్యాలు ఇస్తాడు. దాని పేరు ప్రేమ అని మీరనుకుంటున్నారు.

‘మా ఇంటికి నేనే కొడుకుని’ అని రాశారు. ఉత్తరాల్లో ఈ వాక్యం కనబడినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. కూతురు కూతురిగానే ఇంటిని నిలబెట్టగలదు, ఆ పనికి కొడుకు బిరుదు అక్కర్లేదు. సరే, మీరు తగిలించుకున్నారు. కొడుకు ఉండగా కొడుకు స్థానంలో మీరు కూర్చుంటే వాడికి మిగిలేది ఏమిటి? చంటిపిల్లవాడి స్థానం. ఇరవై ఆరేళ్లవాడు తండ్రికి తన పని ఏమిటో చెప్పుకోలేడు. తలకు దెబ్బ తగిలితే ఆస్పత్రికి వెళ్లడు, అక్కకు ఫోను చేసి అమ్మకు చెప్పొద్దంటాడు. నూరు కిలోల మనిషిని భుజం మీదకు ఎత్తడం నేర్చుకుంటున్నవాడికి నాన్నకు ఎదురుగా నిలబడే ధైర్యం లేదంటే, ఆ అవసరం రాకుండా మూడేళ్లుగా మధ్యలో మీరు నిలబడ్డారు కాబట్టే.

మీకూ ఇందులో లాభం ఉందని నా అనుమానం. వాడి గుట్టు మీ ఒక్కరి గుప్పిట్లో ఉంటే ఆ ఇంట్లో పెద్దరికం మీదే. నాన్న తట్టుకోలేరని ఎవరు చెప్పారు? ఆ పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఖలీని చూపించింది ఆయనే కదా. ముప్పై ఏళ్లు బస్సుల కింద దూరి ఇంజన్లు విప్పిన మనిషికి ఒళ్లు అరిగే పని అంటే మనకంటే బాగా తెలుసు. కోప్పడతారు. నెలల తరబడి మాట్లాడకపోవచ్చు. పడండి. మూడేళ్లు మోసపోయిన మనిషికి ఆ మాత్రం హక్కు ఉంది. ఆయనను బాగా బాధపెట్టేది రెజ్లింగ్ కాదు, మీ పిన్నికి తెలిసి తనకు తెలియకపోవడం.

ఈ రెజ్లింగ్ లోకమే ఒకప్పుడు మీలాగే ఉండేది. గోదాలో శత్రువులు బయట కూడా కలిసి కనబడకూడదు, ఒకే కారు ఎక్కకూడదు, పోటీలు నిజమని జనాన్ని నమ్మించాలి. 1987లో న్యూజెర్సీలో అలాంటి ఇద్దరు శత్రువులు ఒకే కారులో పోలీసులకు దొరికారు. వాళ్ల దగ్గర మత్తు పదార్థాలు ఉన్నాయన్నది అలా ఉంచితే, ఇద్దరూ కలిసి తిరుగుతున్నారన్నదే పెద్ద గొడవ అయింది, ఇద్దరి పనీ పోయింది. రెండేళ్లు తిరగకుండానే, 1989లో, అదే న్యూజెర్సీ రాష్ట్రంలో నేటి డబ్ల్యూడబ్ల్యూఈ సంస్థే ముందుకొచ్చి ఇది వినోదమే, నిజమైన పోటీ కాదని ప్రభుత్వానికి ఒప్పుకుంది. సత్యం మీద ప్రేమతో కాదు, క్రీడా కమిషన్ నిబంధనలు, పన్నులు తప్పించుకోవడానికి. ఏం మునిగింది? జనం రావడం మానలేదు. 2023 సెప్టెంబరులో గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో జాన్ సీనాను చూడటానికి వచ్చినవాళ్లలో అది ముందే రాసుకున్న ఆట అని తెలియనివారు ఎందరుంటారు? గుట్టు వదిలేసి ముప్పై ఏళ్లు దాటిన ఆ వ్యాపారం ఇంకా నడుస్తోంది. మీ ఇంట్లో మాత్రం 1987 నడుస్తోంది.

ఇలా చేయండి. ఈ వారమే సెలవు పెట్టి ఢిల్లీ వెళ్లండి. వాడిని న్యూరాలజిస్టుకు మీరే దగ్గరుండి చూపించండి. డాక్టరు కాగితం మీద రాసి ఇచ్చేదాకా రింగ్‌లో అడుగు పెట్టడానికి వీల్లేదని శిక్షకుడికి ముఖం మీద చెప్పండి. దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు, బీమా ఉందా, ఇంతవరకు ఎంతమందికి కాంట్రాక్టులు వచ్చాయి అని కూడా అడగండి. జవాబు చెప్పడానికి విసుక్కుంటే ఆ కేంద్రం సంగతి మీకు తెలిసిపోయినట్టే.

అక్కడి నుంచి ఇద్దరూ విజయనగరం వెళ్లండి. నాన్నగారికి వాడే చెప్పాలి. మీరు ఆ గదిలో కూర్చోండి, నోరు మాత్రం విప్పకండి. వాడు తడబడితే అందించకండి, నాన్న కేకలేస్తే అడ్డుపడకండి. ఇది మీకు వాడికంటే కష్టం.

ఇంకో సంగతి, మీరు అడగలేదు గానీ నేనే అడుగుతున్నాను. పెళ్లయ్యాక కూడా ఈ 22 వేలు పంపుతారా? పంపేటట్లయితే ఎంతకాలం? కాబోయే భర్తకు ఆ మాట చెప్పారా? తమ్ముడి ఉద్యోగం గురించి పెళ్లివారికి ఏం చెప్పాలా అని రెండు పేజీలు మథనపడ్డారు. మీ జీతంలో ఇంత భాగం ఎటు వెళ్తోందో ఆ అబ్బాయికి చెప్పాలన్న ఆలోచన ఒక్క వాక్యంలోనూ లేదు. ఏడాదా, రెండేళ్లా, గడువు ఎంతో నాన్నగారి ఎదుటే తేల్చండి. ఆ గడువు దాటాక వాడి తిండి వాడే సంపాదించుకోవాలి. జిమ్‌లో శిక్షకుడిగా చేరినా, బడిలో డ్రిల్లు మాస్టారుగా చేరినా ఏమీ తక్కువ కాదు.

వచ్చే నెల డబ్బు యథాప్రకారం పంపండి. అందులో మొదటి ఖర్చు డాక్టరుది. ఆ రసీదు మీకు కాదు, నాన్నగారికి పంపమనండి.