ఆ రంపం గోడకే ఉండనీ

చిన్నోడికి పెదనాన్న ఆశీస్సులు.

కొత్తగా కొన్న జెర్సీ ఆవు పక్కదాని పొదుగు మీద కుమ్మిందనీ, ఆదివారం దాని కొమ్ములు రంపంతో కోయిస్తాననీ ఫోన్లో అన్నావు. వద్దురా. ఆ పని నేను చేసి చూశాను.

పదిహేనేళ్ళ కిందట, శ్రావణ మాసంలో, చెయ్యి తిరిగినవాడని ఒకణ్ణి పిలిచి నాలుగేళ్ళ ఆవుకు కొమ్ములు కోయించాను. మత్తు లేదు, మందు లేదు. నలుగురం పట్టుకున్నాం. రక్తం చిమ్మి గోడకు కొట్టింది. పెద్ద పశువు కొమ్ము లోపల బోలుగా ఉంటుందనీ, ఆ బోలు నుదుటి ఎముకలోని గాలి అరలోకి పోతుందనీ నాకప్పుడు తెలీదు. కోశామంటే తలకు కిటికీ పెట్టినట్టే. వారం తిరక్కుండానే చీము, ఈగలు, పురుగులు. ముక్కులోంచి కూడా చీము కారింది. రెండు నెలలు డాక్టరు చుట్టూ తిరిగితే బతికింది గానీ, నేను పాకలోకి వెళ్తే తల గోడవైపు తిప్పేసుకునేది.

కాబట్టి ఆ ఆవును వరస చివర కట్టు, మేత తొట్టి వేరుగా పెట్టు. మరీ భయమైతే డాక్టరును పిలిచి కొనలు మాత్రం మొండి చేయించు. మిగతా కొమ్ము జోలికి పోకు.

నువ్వు ఇప్పుడు చూసుకోవాల్సింది ఆ రెండు పెయ్యల్ని. ఒకదానికి మూడు వారాలు, రెండోదానికి ఆరు అన్నావు. నెత్తి మీద వేలితో తడిమి చూడు, శనగగింజంత బుడిపె చర్మంతోపాటు అటూ ఇటూ కదులుతుంది. అదే కొమ్ము మొలక. అది కదులుతున్నన్నాళ్ళే దాన్ని కాల్చి కొమ్ము రాకుండా చేసే పని తేలిక. రెండు నెలలు దాటితే పుర్రెకు అతుక్కుంటుంది. అందుకని ఆరు వారాలదానికి ముందు చేయించు, ఈ వారంలోనే.

మీ పశువుల డాక్టరుతో ముందే మాట్లాడుకో. కంటి చివరికీ కొమ్ము మొదలుకీ మధ్యన ఒక నరం ఉంటుంది. అక్కడ రెండు వైపులా లిగ్నోకెయిన్ అనే మత్తు ఇంజెక్షన్ ఇస్తారు, ఆ చోటు మాత్రమే తిమ్మిరెక్కుతుంది. ఇచ్చాక పది నిమిషాలు ఆగాలి. తొందరపడే డాక్టరైనా సరే నువ్వు టీ ఇచ్చి కూర్చోబెట్టు. సూదితో బుడిపె పక్కన గుచ్చితే దూడ ఉలిక్కిపడకూడదు, అప్పుడే మొదలుపెట్టాలి. మత్తు గంటా రెండు గంటల్లో దిగిపోతుంది, కాలిన నొప్పి మాత్రం ఆ తర్వాతా ఉంటుంది. అందుకని మెలాక్సికామ్ అనే నొప్పి మందు కూడా వేయమని నోరు తెరిచి అడుగు. అడక్కపోతే చాలామంది వేయరు.

బుడిపె చుట్టూ వెంట్రుకలు కత్తిరించి, ఎర్రగా కాగిన కడ్డీ పెట్టి పది పదిహేను సెకన్లు తిప్పుతారు. చుట్టూ రాగి రంగు వలయం పడిందంటే చాలు, తీసేయాలి. ఇంకాస్త కాలుద్దామనే ఆత్రం పనికిరాదు, దూడ పుర్రె పలచన, వేడి మెదడుకు తగులుతుంది. నువ్వు మోకాళ్ళ మధ్య దూడను ఇరికించి తల కదలకుండా పట్టుకుంటే చాలు. అయిపోగానే పాలు తాగనియ్యి, కుదుటపడుతుంది.

కడ్డీకి బదులు బుడిపెను కాల్చే మందు, ఆ కాస్టిక్ పూత గురించి కూడా అడిగావు కదూ. అది పుట్టిన మొదటి వారంలోపు దూడలకే, నీ రెంటికీ వయసు దాటిపోయింది. పైగా తల్లి నాకితే నాలుక, దూడ రుద్దితే పొదుగు, వానకు తడిసి కారితే కళ్ళు కాలతాయి. నేనైతే దాని జోలికి పోను.

కాల్చిన చోట కట్టు కట్టకు, పెచ్చు గిల్లకు, అదే రాలిపోతుంది. ఈగలు రాకుండా చుట్టూ వేపనూనె రాయి, పుండు మీద మాత్రం కాదు. చీము పట్టినా, దూడ పాలు మానినా ఆ రోజే ఫోన్ చెయ్యి.

మీ నాన్న దగ్గరున్న ఒంగోలు కోడెదూడ బుడిపెలు మాత్రం ముట్టుకోకు. కనుమనాడు రంగులు పూయడానికి కొమ్ములు లేకపోతే వాడు నన్ను ఇంట్లోకి రానివ్వడు. ముర్రా గేదె దూడనూ వదిలెయ్యి, దానికి ఆ చుట్టలు తిరిగిన కొమ్మే గుర్తు, అమ్మేటప్పుడు ముందు చూసేది అదే.

డాక్టరు ఏ రోజు వస్తానన్నాడో చెప్పు, పొద్దున బస్సుకే దిగుతాను. పట్టుకోడానికి ఒక మనిషి కావాలిగా.

మీ పెదనాన్న