గట్టి గొంతు ముందు తగ్గిపోతున్నానని రాసిన నీకు

చిరంజీవి నాన్నకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి చాలాసేపు దాని గురించే ఆలోచించాను. "నేను బలహీనుణ్ణి పెద్దమ్మా, నా తత్వమే అంత" అని రాశావు. ఆ ఒక్క మాట ఒప్పుకోలేకపోతున్నాను. మిగతాదంతా నిజమే అయ్యుంటుంది. ఆఫీసులో మీ సీనియర్ గొంతు పెంచగానే నీది కాని పని కూడా నెత్తినేసుకుంటున్నావు. రాత్రి పడుకున్నాక అప్పుడు అనాల్సిన మాటలన్నీ వరసగా గుర్తొస్తున్నాయి. తెల్లారేసరికి నీ మీద నీకే కోపం. సరే. కానీ మీ నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు డాక్టరు వెంటపడి, అర్థమయ్యేదాకా అడిగి తెలుసుకున్నది ఎవరు? రాత్రుళ్లు మేలుకుని పగలు డ్యూటీకి వెళ్లింది ఎవరు? తత్వమే అంత అయితే అక్కడ కూడా నోరు పెగలకూడదు కదా.

నీకున్నది ఫలానా చోట, ఫలానా మనిషి ముందు వచ్చే భయం. దాని హద్దులేమిటో ముందు తెలుసుకో. కొన్నాళ్లు ఒక చిన్న నోట్‌బుక్ దగ్గర పెట్టుకుని, తగ్గిపోయిన ప్రతిసారీ ఆ రోజే నాలుగు ముక్కలు రాయి. ఎవరు, ఏం అడిగారు, పక్కన ఎవరున్నారు, ముందు రాత్రి నిద్ర పట్టిందా, నీ నోట మొదట వచ్చిన మాట ఏది. నిన్ను నువ్వు తిట్టుకునే వాక్యాలు మాత్రం అందులో రాయొద్దు. వాటివల్ల ఏమీ తెలియదు.

ఇది ఊరికే చెప్పడం లేదు. ఇన్నేళ్లు కాలేజీలో పాఠాలు చెప్పినదాన్ని, "నాకు ధైర్యం లేదు మేడమ్" అంటూ వచ్చిన పిల్లల్ని చాలామందిని చూశాను. ఒకమ్మాయి సెమినార్ అంటే చాలు, చేతులు చల్లబడిపోయేవి. జనాన్ని చూస్తే భయమని తను అనుకుంది, మేమూ అనుకున్నాం. కూర్చోబెట్టి మెల్లగా అడిగితే అసలు సంగతి బయటపడింది. మాట్లాడటం వచ్చు, జనం ముందు నిలబడటమూ వచ్చు. మధ్యలో ఎవరైనా ప్రశ్న వేస్తారేమో, జవాబు తెలియక నిలబడిపోతానేమో అన్నదే ఆ భయమంతా. అది తెలిశాక పని చిన్నదైంది. "ఇది నాకు తెలియదు, చూసి చెప్తాను" అనే ఒక్క వాక్యం పదిమంది ముందు అనడం నేర్చుకుంది. ఆ పిల్లకు కావాల్సిన ధైర్యమంతా ఆ వాక్యంలోనే ఉంది.

రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి "నేను చాలా బలవంతుణ్ణి" అనుకుంటున్నానని, అయినా ఫలితం లేదని రాశావు. అది నీ లోపం కాదు. 2009లో జోయాన్ వుడ్ అనే కెనడా యూనివర్సిటీ సైకాలజిస్టు, ఆమె తోటివారు ఇలాంటి మాటల మీదే పరిశోధన చేశారు. తమ మీద తమకు గౌరవం తక్కువున్నవాళ్లు తమను తాము పొగుడుకుంటూ ఒక వాక్యాన్ని పదే పదే అనుకుంటే, వాళ్ల మనసు ఇంకాస్త కుంగింది. నాకది ఆశ్చర్యమనిపించలేదు. నోరు ఒకటి అంటుంటే లోపల మనసు నిన్నటి సంగతి గుర్తుచేసి "అబద్ధం" అంటుంది. మనసు మాటను నమ్మదు నాన్నా, జరిగినదాన్ని నమ్ముతుంది. ఆల్బర్ట్ బండూరా అనే సైకాలజిస్టు 1977లో రాసిన దాని సారం కూడా ఇంచుమించు ఇదే. "నేను చేయగలను" అనే నమ్మకానికి అన్నిటికన్నా గట్టి ఆధారం మనమే ఒకసారి చేసి చూడటం. అందుకే నీకు పొగడ్తలు రాయడం లేదు, పని చెప్తున్నాను.

ఆ పని ఎలా ఉండాలో చెప్పడానికి నాకెంతో ఇష్టమైన ఒక పిల్లాడి కథ ఉంది. మేరీ కవర్ జోన్స్ అనే సైకాలజిస్టు 1924లో అచ్చువేసిన నిజం కథ. అమెరికాలో పీటర్ అని ఒకడు, మూడేళ్లు కూడా నిండలేదు. కుందేలంటే హడల్. ఎలుకన్నా, బొచ్చు కోటన్నా, ఈకలన్నా, చివరికి దూదన్నా ఏడుపే. ఆమె వాణ్ణి కుందేలు ముందుకి ఈడ్చుకెళ్లలేదు, "మగపిల్లాడివి, భయమేంటి" అని కసరలేదు. కుందేలంటే భయంలేని పిల్లల్ని తెచ్చి వాడితో ఆడుకోనిచ్చింది. కుందేలు మొదట గదిలో దూరంగా బోనులో ఉండేది. వాడికి ఇబ్బంది లేనంతవరకే దగ్గరికి జరిపేవారు.

వాడు బాగా కుదుటపడుతున్న సమయంలో జ్వరం వచ్చి ఆసుపత్రిలో పడ్డాడు. రెండు నెలలు రాలేదు. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు పెద్ద కుక్కొకటి మీదికి దూకింది. భయం మళ్లీ మొదటికొచ్చింది. అంతా పోయిందని ఆమె వదిలేయలేదు. మళ్లీ దూరం నుంచే మొదలుపెట్టింది. ఈసారి వాడికి ఇష్టమైనవి తింటూ ఉండగా బోను కాస్త కాస్త దగ్గరికి తెచ్చారు. చివరికి ఆ కుందేల్నే నిమిరాడు. ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైంది ఆ కుక్క దూకిన రోజు తర్వాత జరిగిందే. భయం వెనక్కి వచ్చినా, మళ్లీ తగ్గించే దారి మాత్రం తెరుచుకునే ఉంది.

ఇప్పుడు నీ సంగతి. మీ సీనియర్‌కు ఎదురుగా "కుదరదు" అనడం నీకు ఆఖరి మెట్టు. నువ్వేమో ప్రతిసారీ అక్కడి నుంచే మొదలుపెట్టాలని చూస్తున్నావు. ముందు భయం తక్కువున్న చోట మొదలుపెట్టు. బలవంతంగా ఏదైనా అంటగట్టాలని ఫోన్ చేసేవాళ్లకు వద్దని చెప్పి పెట్టేయడం. స్నేహితుడు నీకు ఇష్టంలేని సినిమాకి రమ్మంటే రాననడం, అదీ సాకులు చెప్పకుండా. మీ టీమ్‌లో నీ ఈడువాళ్లు పని అడిగితే "ఈరోజు కుదరదు, రేపు చూస్తా" అనడం. ఒక్కో మెట్టు మీద విసుగొచ్చేదాకా ఉండు, తొందరపడకు. ఈ దారిలో ఒక తోడు కూడా కావాలి. ఆఫీసులో ఆ మనిషితో మామూలుగా, గొడవ పడకుండా మాట్లాడగలిగేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. వాళ్లు ఏమంటున్నారో, ఎంత నెమ్మదిగా అంటున్నారో గమనించు.

ఆ మనిషి ముందుకు వెళ్లే రోజు వచ్చేసరికి నీ దగ్గర ఒక వాక్యం సిద్ధంగా ఉండాలి. పీటర్ గోల్విట్జర్ అనే జర్మన్ సైకాలజిస్టు దీని మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. "ధైర్యంగా ఉంటాను" అనే తీర్మానం కన్నా "ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను" అని ముందే అనుకుని ఉంచుకున్నది ఎక్కువగా జరుగుతుంది. ఎందుకంటే ఆ క్షణంలో ఆలోచించే పని ఉండదు. నీకైతే ఇలా: "ఆయన గొంతు పెంచితే, ముందు ఊపిరి నెమ్మదిగా వదిలి, చేతిలో ఉన్న పని చూసుకుని సాయంత్రం చెప్తానండీ అంటాను." గమనించావా, ఇందులో కాదనడం లేదు. గడువు మాత్రమే అడుగుతున్నావు. వెంటనే సరేనని నోట వచ్చేయడమే నీ చిక్కు కాబట్టి, మొదట విరగాల్సింది ఆ "వెంటనే" అన్నదే.

గొంతు వణుకుతుంది, గుండె దడదడలాడుతుంది. వణకనీ. ఊపిరి పీల్చడం కన్నా వదలడం నిదానంగా చేస్తే గుండె వేగం కొంచెం తగ్గుతుంది, అంతవరకు చాలు. వణుకు పూర్తిగా పోయాక మాట్లాడదామని కూర్చుంటే ఆ రోజు రాదు. వణుకుతూ చెప్పిన మాట కూడా చెప్పినట్టే లెక్క.

ఇక తప్పిపోయే రోజుల గురించి. అవి వస్తాయి, ఖాయంగా వస్తాయి. నిన్ను ఎక్కువగా దెబ్బతీస్తున్నది సరేననడం కాదని నా అనుమానం. ఆ రాత్రంతా నువ్వు నీకు వేసుకునే శిక్ష నిన్ను ఇంకా దెబ్బతీస్తోంది. ఆ శిక్షతో అలిసిపోయి మర్నాడు ఆఫీసుకు వెళ్తావు, నిద్రలేని మనిషివి మళ్లీ తగ్గిపోతావు, మళ్లీ రాత్రికి శిక్ష. లండన్‌లో ఫిలిపా లాలీ, ఆమె తోటివారు 96 మంది మీద చేసిన పరిశోధన ఒకటి ఉంది. కొత్త అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషి మనిషికీ తేడా మాత్రం చాలా ఉంది, లెక్క 18 రోజుల నుంచి 254 రోజుల దాకా వచ్చింది. మధ్యలో ఒక రోజు తప్పిపోవడం వల్ల పెద్ద నష్టమేమీ జరగలేదు. నువ్వు నాలుగు రోజులకే "నా వల్ల కాదు" అని తేల్చేస్తున్నావు. తప్పిపోయిన రాత్రి నోట్‌బుక్‌లో ఆ నాలుగు ముక్కలు రాసి మూసెయ్యి. మర్నాడు ఒక మెట్టు కిందికి దిగి, నీకు బాగా అలవాటైపోయినది ఒకటి చెయ్యి.

ఒకటి మాత్రం పొరపాటు పడకు. ప్రతిచోటా ఎదురు నిలబడటమే బలం అనుకోకు. జీతం కోసమో, ఇంట్లో శాంతి కోసమో ఒక్కోసారి తెలిసి తగ్గుతాం. ఆలోచించుకుని తగ్గితే ఆ రాత్రి నిద్ర పడుతుంది. తేడా నీకే తెలుస్తుంది.

ఇంకొకటి, ఇది తప్పకుండా విను. దిగులు రెండు వారాలకు పైగా వదలకుండా ఉన్నా, నిద్రా తిండీ తప్పినా, ఇంతకుముందు ఇష్టమైనవేవీ ఇష్టంగా లేకపోయినా, నా ఉత్తరం పక్కన పెట్టి మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగొద్దు, వెంటనే వెళ్లు, వెళ్లే ముందు నాకు ఫోన్ చెయ్యి. ఏ వేళయినా సరే. మీ అమ్మతో చెప్పలేనిదైనా నాతో చెప్పొచ్చు, నీకు తెలుసు.

ప్రస్తుతానికి ఒక్క పని చెయ్యి. మీ సీనియర్ ముందు చెప్పాల్సిన ఆ వాక్యాన్ని నీ మాటల్లో, నువ్వు మామూలుగా మాట్లాడే పద్ధతిలో రాసి నాకు పంపు. నేను రాసినదాన్నే బట్టీపట్టకు, నీ నోట అతకదు. పొడుగ్గా ఉంటే ఇద్దరం కలిసి కుదిద్దాం. తర్వాత ఆదివారం ఫోన్‌లో నేనే గొంతు పెంచి ఆయనలా అడుగుతాను, నువ్వు నాకు జవాబు చెబుదువుగాని.

మీ పెద్దమ్మ