బొమ్మ పేషెంటుతో ఏం వస్తుంది?

ప్రశ్న: మాది హిందూపురం. అమ్మాయి బెంగళూరులో ఐసీయూ నర్సు. హెలికాప్టర్ అంబులెన్స్ టీముకి ఎంపికైంది. వారం రోజుల ట్రైనింగట, కానీ హెలికాప్టర్ ఎక్కించరట! సిమ్యులేటర్ గదిలో బొమ్మ పేషెంటుకి వైద్యం చేయిస్తారట. అలా నేర్చుకుని నిజంగా గాల్లోకి వెళ్తే ఏమవుతుందోనని నిద్ర పట్టడం లేదు.
- ఒక తల్లి, మారతహళ్లి

జవాబు: అమ్మా, మొదటి రోజే హెలికాప్టర్ ఎక్కిస్తామని చెప్పి ఉంటే నేనే వద్దనేవాణ్ని.

నేను ఎయిర్‌ఫోర్స్‌లో మెడికల్ అసిస్టెంట్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఇలాంటి ట్రైనింగులే ఇస్తున్నాను. మా రోజుల్లో మాకివేవీ లేవు. మొదటిసారి స్ట్రెచర్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, అలవాటు కొద్దీ స్టెతస్కోప్ పేషెంటు ఛాతీ మీద పెట్టాను. రోటర్ మోత తప్ప ఏమీ వినపడలేదు. ఊపిరి ఆడుతోందో లేదో తెలియక చేతులు చల్లబడిపోయాయి. పక్కనున్న సీనియర్ నా చెయ్యి లాగి అతని ఛాతీ మీద పెట్టి, లేస్తోందా లేదా చూడమని సైగ చేశాడు. ఆ జవాను బతికాడు. కానీ ఆ పాఠం నేను ప్రాణమున్న మనిషి మీద నేర్చుకున్నాను.

మీ అమ్మాయి బొమ్మ మీద నేర్చుకుంటుంది. ఆ బొమ్మ ఛాతీ లేస్తుంది, నాడి కొట్టుకుంటుంది. అవతలి గదిలోంచి మేం మీట నొక్కితే బీపీ పడిపోతుంది. క్యాబిన్ అసలు కొలతల్లోనే ఉంటుంది, అంటే నిలబడే చోటుండదు. స్పీకర్లలో మోత పెడతాం, లైట్లు తగ్గిస్తాం. ఆమె మానిటర్ చూస్తుండగా ఆక్సిజన్ గొట్టం ఊడగొట్టేది కూడా మేమే!

ఒక్కటి మాత్రం ఆ గది చూపించలేదు. పైకి వెళ్లేకొద్దీ గాలి వ్యాకోచిస్తుంది. సముద్ర మట్టం నుంచి 5 వేల అడుగులు లేస్తే సుమారు ఐదో వంతు పెరుగుతుంది. శ్వాసనాళంలో వేసిన ట్యూబు చుట్టూ ఉండే చిన్న గాలి బెలూనూ అలాగే ఉబ్బుతుంది. నేల మీదున్న గదిలో అది జరగదు కాబట్టి నోటితో చెప్పి, ఆ బెలూన్‌లో ఒత్తిడి (కఫ్ ప్రెషర్) చూసే అలవాటు చేయిస్తాం.

పైలట్ల సిమ్యులేటర్ వేరు. విమానాలు తయారుచేసే మన హెచ్ఏఎల్, సిమ్యులేటర్లు తయారుచేసే కెనడా కంపెనీ సీఏఈ కలిసి పెట్టిన హాట్సాఫ్ అనే శిక్షణ కేంద్రం మన బెంగళూరులోనే ఉంది. అక్కడ ఒకే యంత్రానికి కాక్‌పిట్ మార్చి ధ్రువ్, బెల్ 412 అనే రెండు రకాల హెలికాప్టర్ల మీదా నేర్పుతారు. ఇక హెలికాప్టర్ అంబులెన్సులు జర్మనీలో మ్యూనిక్‌లో 1970లోనే మొదలయ్యాయి. మన రిషికేశ్ ఎయిమ్స్‌లో 2024 అక్టోబరులో వచ్చింది. అందుకే ఇక్కడ ఈ పని తెలిసినవాళ్లు ఇంకా తక్కువ.

అసలు కష్టం ఇంకొకటుంది. పోయిన బ్యాచ్‌లో ఒక నర్సు, చేతిపనిలో దిట్ట. కిటికీ బదులు పెట్టిన స్క్రీన్ మీద మబ్బు కమ్ముకొస్తోంది. ఆమె చూసింది, నోరు మాత్రం విప్పలేదు. కాసేపటికి తెర మొత్తం తెల్లబడింది. ఆపి అడిగితే, "పైలట్ సార్‌కి తెలియదా సార్, నేనెలా చెప్తాను?" అంది. మన ఆసుపత్రుల్లో డాక్టర్ ముందు నర్సు మాట్లాడకూడదన్న అలవాటు గాల్లోకి కూడా వచ్చేస్తుంది! అమెరికాలో చాలా టీముల్లో పైలటూ, ఇద్దరు వైద్య సిబ్బందీ ముగ్గురూ సరేనంటేనే బయల్దేరతారు, ఒక్కరు వద్దన్నా ఆగుతారు. వెళ్లాలా వద్దా తేలేదాకా పైలట్‌కి పేషెంటు సంగతే చెప్పరు. పేషెంటు పసిపిల్ల అని తెలిస్తే వాన కూడా చిన్నదిగా కనిపిస్తుంది మరి. ఆ నర్సు చేత "సార్, ఎడమవైపు మబ్బు, వెనక్కి తిరుగుదాం" అని గట్టిగా అనిపించడానికి మాకు మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు నా మీదే అరిచింది, సంతోషించాను.

మీ అమ్మాయి మీకు ఎదురు మాట్లాడే రకమైతే సగం పని అయిపోయినట్టే.

ఇక వాంతులు. స్క్రీన్ చూసి కన్ను 'కదులుతున్నాం' అంటుంది, చెవిలోని బ్యాలెన్స్ లేదంటుంది, దాంతో కొందరికి కడుపులో తిప్పేస్తుంది. మొదటి రోజు ఖాళీ కడుపుతో పంపకండి. రెండు ఇడ్లీలు పెట్టండి, సాంబారు వద్దు.