విండోలో దాగిన కన్ను

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మాటలంటే నీకెంత ఇష్టమో ప్రతి పేరాలో తెలుస్తోంది. ఒక్కచోట మాత్రం ఆగిపోయాను. ‘విండ్’, ‘డోర్’ కలిసి ‘విండో’ అయిందని రాశావు. వినడానికి బాగుంది గానీ నిజం కాదమ్మా. టెన్షన్ పడకు, 17వ శతాబ్దంలో ఇంగ్లండులోనే కొందరు నీలాగే ఊహించి దాన్ని ‘విండోర్’ అని రాసేశారు.

అసలు మాట వైకింగులది, అంటే స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చినవాళ్లది. వాళ్ల పాత నార్స్ భాషలో ‘విండౌగ’. ‘విండ్ర్’ అంటే గాలి, ‘ఔగ’ అంటే కన్ను. గాలి కన్ను! ఆ ఇళ్లకు అద్దాల కిటికీలు ఎక్కడివి? వెలుతురు రావడానికి, పొగ పోవడానికి కప్పులో ఒక కంత, అంతే. వాళ్లు ఇంగ్లండు ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో కాపురాలు పెట్టాక అక్కడి జనం నోళ్లలో ఈ మాట నానింది. 13వ శతాబ్దపు ఇంగ్లీషు రాతల్లో కనిపిస్తుంది. ‘ఔగ’ అరిగి అరిగి చివరికి ‘ఓ’ ఒక్కటే మిగిలింది.

అంతకుముందు ఇంగ్లీషువాళ్లు కిటికీని తమ భాషలో ‘కంటి కంత’ అనేవారు, ‘కంటి తలుపు’ అనేవారు. చూశావా, నువ్వు వెతికిన తలుపు ఉంది, కానీ గాలి పక్కన కాదు, కంటి పక్కన. ఆ కంతకు వాడిన ‘థిరెల్’ అనే ముక్క ‘నాస్ట్రిల్’ (ముక్కు రంధ్రం) చివర ఇంకా బతికే ఉంది.

ఇప్పుడు మన వైపు చూడు. సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న వాతాయనం గాలి దారి, గవాక్షం ఆవు కన్ను. ఇక్కడా గాలీ, కన్నూ! ‘అక్షి’, ‘ఔగ’ ఒకే మూలం నుంచి వచ్చినవి. ‘వాతం’, ‘విండ్’ కూడా చుట్టాలే. మా అమ్మమ్మ వంటింట్లో పొయ్యి మీదుగా ఒక గవాక్షి ఉండేది. పొగ అందులోంచి పైకి పోయేది, మధ్యాహ్నం అందులోంచే ఎండ గుండ్రంగా నేల మీద పడేది. ‘విండౌగ’ అర్థం తెలిసిన రోజు నాకు ఆ వంటిల్లే గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

కానీ ఆ పొంగులో, ఇవి ఒకరిని చూసి ఒకరు పెట్టుకున్న పేర్లు అని మాత్రం రాయకు. ముక్కలకు బంధుత్వం ఉంది, వాటిని జతచేసింది మాత్రం ఎవరికి వారే. మాటను విడగొట్టే ముందు దాని పాత రూపాలు వెతుకు. ఎప్పుడు, ఏ స్పెల్లింగుతో రాశారో చూడు. చెవికి చక్కగా అతికిందంటే ఇంకోసారి అనుమానించు.

ఈసారి ‘బ్యాండికూట్’ మీద రాసి పంపు. అది అచ్చంగా మన పందికొక్కే. అయితే ఆ పేరుతో ఆస్ట్రేలియాలో తిరిగేది ఎలుక జాతి కూడా కాదు, పిల్లల్ని సంచిలో పెంచే జంతువు. మన పేరు దానికెలా అంటిందో నీ రాతలో చదవాలని ఉంది.