చింతపిక్కలతో మొదలుపెట్టండి

ప్రశ్న: మాది కవిటి మండలం. డయాలసిస్ మీద ఉన్నవాళ్ల ఇళ్లు 42 చూస్తున్నాం. పదిహేను రోజులకోసారి వెళ్లి పింఛను కాగితాలు, పిల్లల చదువు, ఇంట్లో ఆడవాళ్ల కష్టసుఖాలు పట్టించుకుంటున్నాం. ‘ఏడాదిలో వెయ్యి సార్లు వెళ్లాం’ అని నివేదిక రాస్తే, ‘దానివల్ల వాళ్లకు ఒరిగిందేమిటి?’ అని దాతలు అడిగారు. ఏం చూపించాలి?

జవాబు: దాతలు అడగాల్సిందే అడిగారు. వెయ్యి సార్లు అంటే మీ కష్టం తెలుస్తుంది గానీ ఆ ఇంట్లో ఏం మారిందో తెలియదు. ప్రతి కుటుంబాన్నీ ‘మీకు ముందుగా ఏం కావాలి?’ అని అడిగి మూడు విషయాలు వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ‘పిల్ల బడి మానకూడదు’, ‘ఆస్పత్రికి తోడెళ్లడానికి ఇంకో మనిషి కావాలి’, ఇలా. తర్వాత 10 చింతపిక్కలు ముందు పెట్టి, ఆ విషయంలో ఇవాళ ఎంతవరకు ఫర్వాలేదో అన్ని పిక్కలు పక్కన పెట్టమనండి. ఏమీ బాగోలేకపోతే ఒక్కటీ పెట్టక్కర్లేదు. చదువురానివాళ్లు కూడా దీన్ని తడుముకోకుండా చేస్తారు. మూడు నెలలకు, ఆరు నెలలకు మళ్లీ అడగండి. పాత లెక్క ముందుగా చూపించొద్దు. పిక్కలు పెరిగినా తగ్గినా ‘ఎందుకు, ఎవరివల్ల?’ అని అడిగి అదీ రాయండి. చెన్నైలో పనిచేసే కొడుకు ఇంటికి వచ్చేయడంవల్ల తెరిపి దొరికితే అది మీ ఖాతాలో వేసుకోకూడదు.

ఇప్పటికే చూస్తున్న ఇళ్లకు ఈ రోజు లెక్కే మొదటి లెక్క. ‘ఏడాది కిందట ఎన్ని పెట్టేవారు?’ అని అడిగితే, మీ మీద అభిమానంతో తక్కువ చేసి చెబుతారు.

ఇంకో చిక్కుంది, చాలామంది దీన్ని గమనించరు. కుటుంబాలు మీ దగ్గరికి వచ్చేది బాగా కష్టంలో ఉన్నప్పుడే. డయాలసిస్ కొత్తలో ఉన్న బెదురు కొన్ని నెలలకు చాలా ఇళ్లలో దానంతటదే కొంత తగ్గుతుంది. ఆ తేడా అంతా మీ సాయమే అనిపిస్తుంది. మనుషులు చాలక కొత్త కుటుంబాలను కొన్నాళ్లు ఆగమనాల్సి వస్తే, పేరు రాసుకున్న రోజూ, సాయం మొదలైన రోజూ పిక్కల లెక్క తీసుకోండి. మీరు వెళ్లకుండానే ఎంత మారిందో తెలుస్తుంది. ఇందుకోసమని ఎవరినీ కావాలని ఆపకండి.

రోగి ఆరోగ్యంతో మీ పనిని కొలవొద్దు. చూసుకునే మనిషి నిద్ర, ఇంటి అప్పు, పిల్లల హాజరు, ఇవి చూడండి. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఆ రోజు ప్రశ్నలతో వెళ్లొద్దు. వలస వెళ్లినవాళ్లంతా ఇళ్లలో ఉండే సంక్రాంతి వారం కూడా వద్దు, ఆ సందడి లెక్కను పెంచేస్తుంది. నివేదికలో శాతాలు వేయకండి. ‘42 ఇళ్లలో 17 ఇళ్లలో పిక్కలు పెరిగాయి’ అని రాస్తే చాలు. తగ్గిన ఇళ్లు ఎన్నో అదే పేజీలో రాయండి.

ప్రశ్న: గజపతినగరం దగ్గర పల్లెల్లో తల్లులకు, చిన్నపిల్లలకు తోడ్పడే పని మాది. ‘మా సేవ ఎలా ఉంది?’ అంటే అందరూ ‘బాగుంది బాబూ’ అనే అంటున్నారు. నమ్మొచ్చా?

జవాబు: ఇంటికొచ్చిన మనిషి మొహం మీద బాగోలేదని ఎవరంటారు? రోజూ వెళ్లే కార్యకర్త కాకుండా పక్క ఊరు చూసే కార్యకర్త అడగాలి. అత్తగారి ముందు కోడలిని అడగొద్దు. ‘బాగుందా?’ అనకుండా ‘పోయినసారి మేం వచ్చినప్పుడు పనికిరానిదేమిటి? ఏ వేళ వస్తే మీకు వీలు?’ అనండి. ఉపాధి పనికి వెళ్లే తల్లి ఇంటికి పొద్దున పదకొండు గంటలకు వెళ్తే తలుపుకి తాళమే ఉంటుంది. ‘వాళ్లకు ఆసక్తి లేదు’ అని రాసేయడం మాత్రం అన్యాయం.

మానేసినవాళ్లను తప్పకుండా కలవండి. ఆరు నెలల్లో పది మంది మానేస్తే పది మందినీ కలవాలి, అసలు పాఠం వాళ్ల దగ్గరే ఉంది. ఇంగ్లండులో 1999లో ‘షూర్ స్టార్ట్’ పేరుతో పేద ప్రాంతాల్లో చిన్నపిల్లల కుటుంబాలకు సేవలు మొదలుపెట్టారు. 2005లో వచ్చిన తొలి ఫలితాల్లో, కాస్త నిలదొక్కుకున్న కుటుంబాలకు కొంత మేలు కనిపించింది గానీ ఒంటరి తల్లులు, పనిలేని ఇళ్లు ఇంకా వెనకబడి కనిపించాయి. తర్వాతి పరిశీలనలో, 2008లో, ఫలితాలు మెరుగ్గా వచ్చాయి. మీ ఊళ్లలో కూడా మీటింగుకు వచ్చేవాళ్లనే చూసి తృప్తి పడకండి. చివరి వీధిలో ఎన్ని గడపలు తొక్కారో లెక్కపెట్టండి.

ప్రశ్న: ఇలా అడుగుతుండగా ఒకావిడ భర్త కొడుతున్నాడని చెప్పింది. ఫారంలో రాయాలా?

జవాబు: పేరుతో రాయొద్దు. ఫారం పక్కన పెట్టేసి ఆమె మాట వినండి. భర్త ఉన్నచోట ఆ ఊసెత్తొద్దు. ఆడవాళ్ల సాయానికి ఉన్న 181 ఫోన్ నంబరు, హింసకు గురైన ఆడవాళ్లను ఆదుకునే జిల్లా కేంద్రంలోని సఖి వన్ స్టాప్ సెంటర్ సంగతి చెప్పి, వెళ్లాలా వద్దా అన్నది ఆమెకే వదలండి. ప్రాణానికి ముప్పుంటే వెంటనే 112. పిల్లల సంగతైతే 1098. పిల్లల మీద లైంగిక దాడి తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. అందుకే ఏ ఇంట్లోనైనా ప్రశ్నలు మొదలుపెట్టకముందే ‘పిల్లలకు ప్రమాదమని తెలిస్తే దాచలేం’ అని చెప్పండి. ఫారాల మీద నంబర్లే ఉండాలి. ఏ నంబరు ఎవరిదో చెప్పే జాబితా వేరే బీరువాలో తాళం వేసి ఉంచండి.