మోకాలు పట్టేసింది.. గుజ్జు మాత్రలు వాడొచ్చా?

ప్రశ్న: నా వయసు 36. ఐదు నెలల కిందట షటిల్ ఆడుతుంటే కుడి మోకాలు మెలిపడింది. టప్‌మని శబ్దం వచ్చి, రెండు గంటల్లోనే వాచిపోయింది. ఎక్స్‌రే తీసి ఎముక బాగానే ఉందన్నారు. వాపు తగ్గాక పెయిన్ కిల్లర్ వేసుకుని మళ్లీ ఆడుతున్నాను. మెట్లు దిగేటప్పుడు ఒక్కోసారి మోకాలు పట్టు తప్పుతోంది. వారం నుంచి కాలు పూర్తిగా చాపలేకపోతున్నాను. గుజ్జు పెరగడానికి ఏ మాత్రలు మంచివి? నీ క్యాప్ (మోకాలికి వేసే సాగే తొడుగు) వేసుకుంటే సరిపోతుందా?
- ఒక పాఠకుడు, నల్గొండ

సమాధానం: గుజ్జు సంగతి తర్వాత చూద్దాం. వారం నుంచి కాలు చాపలేకపోతున్నానన్న మాటే నాకు ఆందోళన కలిగిస్తోంది. నొప్పికి భయపడి చాపకపోవడం వేరు, లోపల ఏదో అడ్డుపడి మోకాలు లాక్ అయిపోవడం వేరు. రెండోదైతే ఇంట్లో ఉండి చూసుకునే సమస్య కాదు. రెండు మూడు రోజుల్లోనే ఎముకల డాక్టర్‌ను కలవండి.

మోకీలులో తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య నెలవంక ఆకారంలో రెండు కుషన్లు ఉంటాయి. వీటినే మెనిస్కస్ అంటాం. ఎముకలు ముందుకూ వెనక్కూ జారిపోకుండా ఏసీఎల్, పీసీఎల్ అనే లిగమెంట్లు పట్టి ఉంచుతాయి. శబ్దం వచ్చి గంటల్లోనే వాచిందంటే మొదట అనుమానించేది ఏసీఎల్‌నే. మెట్ల మీద పట్టు తప్పడమూ దానికి సరిపోతోంది. అలాంటి మోకాలితో నెలల తరబడి ఆడారు కాబట్టి మెనిస్కస్ కూడా చిరిగి, ఆ ముక్క కీలు మధ్యలోకి మడతపడి ఉండొచ్చు. తలుపు సందులో గుడ్డ ఇరుక్కుంటే తలుపు పడదు కదా, ఇదీ అంతే. చేత్తో పరీక్షించకుండా ఖాయంగా చెప్పలేను. ఎక్స్‌రేలో మెనిస్కస్, లిగమెంట్లు కనిపించవు. ఎంఆర్ఐ అవసరం పడొచ్చు.

మాత్ర వేసుకుని ఆడటం మాత్రం మీరు చేసిన పెద్ద పొరపాటు. నొప్పి తెలియదు, చిరుగు పెరుగుతూ పోతుంది. పైగా ఏ మాత్రో, ఎన్నాళ్లు వాడారో, బీపీ, షుగర్ ఉన్నాయో లేదో రాయలేదు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి సలహా లేకుండా నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడొచ్చు, బీపీ పెరగొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. మోకాలి నొప్పికని వచ్చి, రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగిందని తెలిసి దిగాలుగా వెళ్లినవారిని నేను చూశాను. పాత చీటీతో మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకోవడం దయచేసి ఆపండి.

ఆలస్యం కూడా మంచిది కాదు. మెనిస్కస్‌కు అంచు భాగంలోనే రక్తప్రసరణ ఉంటుంది. అక్కడ చిరిగితే, త్వరగా వస్తే, ఆర్థ్రోస్కోపీతో (చిన్న రంధ్రం నుంచి కెమెరా పంపి చేసే ఆపరేషన్) కుట్టే అవకాశం ఉంటుంది. నెలలు గడిస్తే చిరిగిన భాగం నలిగిపోయి, కుట్టాల్సింది కత్తిరించి తీసేయాల్సి రావొచ్చు. కుషన్ తగ్గిన మోకాలు తొందరగా అరుగుతుంది. అలాగని అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. నడివయసులో అరుగుదలతో వచ్చే చిరుగులు చాలావరకు, మోకాలు లాక్ కాకుంటే, ఫిజియోథెరపీతోనే నెమ్మదిస్తాయి.

డాక్టర్‌ను కలిసేదాకా కాలిని బలవంతంగా చాపకండి, ఎవరితోనూ లాగించుకోకండి. మర్దన, పసరు కట్టు వద్దు. చేతికర్ర సాయంతో నడవండి. గుడ్డలో చుట్టిన ఐస్ 15 నిమిషాలు పెట్టొచ్చు.

మీరు అడిగిన గుజ్జు మాత్రలు చిరిగిన మెనిస్కస్‌ను అతికించవు. నీ క్యాప్ కాస్త ధైర్యాన్నిస్తుంది, అంతేగానీ తెగిన లిగమెంట్ చేయాల్సిన పనిని అది చేయదు.

మళ్లీ ఆడటం ఎప్పుడన్నది మీ డాక్టరే చెప్పాలి. మీతో ఆడేవారికి మాత్రం ఇప్పుడే చెప్పండి: వారమంతా కుర్చీలో కూర్చుని ఆదివారం నేరుగా కోర్టులోకి దిగొద్దు. ముందు 10-15 నిమిషాలు వార్మప్ చేయాలి. తొడ ముందు, వెనక కండరాలకు వారంలో రెండు మూడు రోజులైనా వ్యాయామం ఉండాలి. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్లు కొద్దిగా వంచాలి, లోపలికి వాలనివ్వకూడదు. బరువు ఎక్కువుంటే తగ్గించుకోవాలి.

జ్వరంతో పాటు మోకాలు ఎర్రబడి వేడిగా ఉన్నా, పిక్క వాచి నొప్పి పెట్టినా, పాదం చల్లబడినా, మొద్దుబారినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రేతో పాటు ఇన్నాళ్లూ వాడిన మాత్రల షీట్లన్నీ తీసుకెళ్లండి.